కారు తాళాలు ఎవరిచ్చిండ్రు?



ఈసారి కారు ఇన్సూరెన్సు గురించి రాస్తున్నాను. ధమ్మ పుస్తకంలో ఇదేం ముచ్చట అనుకోకండి. పెద్దేముల్‌లో ఆదివారం వందన అయిపోయినాక ఈ ఎనిమిది నెలల్లో మనం అనిత్యం గురించి గానీ, అనాత్మ గురించి గానీ ఇంత గట్టిగా వాదించుకోలేదు. ఈ గొడవతో నాతో మాట్లాడటం మానేసిన ఇండ్లు రెండు. అందులో ఒకటి ఈమధ్యే మళ్లీ మాట్లాడుతోంది.

జరిగింది ఇది. పేర్లు రాయను, ఊరు చిన్నది. మన వాడలో పుట్టి చదువుకుని, తాండూరులో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి లోన్ మీద సెకండ్ హ్యాండు కారు కొన్నాడు. వాడలో అదే మొదటి కారు. వెనక అద్దం మీద నీలి రంగులో జై భీమ్ అని రాయించాడు. పిల్లలందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు, నేనూ దిగాను. చెప్పులు చేత పట్టుకుని ఊర్లోంచి నడిచిన ముసలోళ్లు ఇంకా మన ఇండ్లల్లో ఉన్నారు కాబట్టి ఆ కారు ఒక్క ఇంటిది అనిపించలేదు.

పోయిన వానాకాలం ఒక శనివారం పొద్దుగూకే వేళ అతని తమ్ముడు ఆ కారు తీసుకుని తాండూరు దిక్కు పోయాడు. ఇరవై ఏండ్లవాడు, లైసెన్సు లేదు. బండల లారీని దాటబోయి ఎదురుగా వస్తున్న మోపెడ్‌ను గుద్దాడు. మోపెడ్ మీద ఉన్నది బండల పాలిషింగ్ దగ్గర పనిచేసే మనిషి. కుడికాలు రెండు చోట్ల విరిగింది. పిల్లగాడు పారిపోలేదు. అదే కారులో ఆయనను పండబెట్టుకుని తాండూరు సర్కారు దవాఖానాకు తీసుకుపోయాడు. తీసుకొచ్చింది ఎవరని అడిగితే తన పేరే చెప్పాడు. అక్కడ రాసుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రమాదం అయిందంటే చాలు, వాసన పట్టి వచ్చే మనుషులు కొందరుంటారు. మీ ఊర్లో కూడా ఉంటారు. అట్లాంటి ఒకాయన ఆ రాత్రే వచ్చి కూర్చున్నాడు. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి. లైసెన్సు ఉన్నోన్ని డ్రైవరని చూపిద్దాం. కాలిరిగినోనికి కంపెనీ పైసలిస్తది, మీ కారు రిపేరు గూడ వస్తది, పిల్లగాని మీద కేసుండదు. అందరికీ మంచిదే గదా" అన్నాడు. అన్నకు లైసెన్సు ఉంది గానీ ఆ సమయానికి అతను డ్యూటీలో ఉన్నాడు, రిజిస్టర్లో సంతకం ఉంది. అందుకని మన వాడలోనే ఇరవై ఏండ్లుగా లారీ తోలుతున్న ఒక పెద్దమనిషి పేరు తీశారు. ఆయన చేతికి ముప్పై వేలు ఇవ్వాలని మాట.

నిజం చెప్తున్నా, వినగానే నాకు తప్పనిపించలేదు. కాలు విరిగినోడు పేదోడు, ఆయనకు పైసలు రావాలి. పిల్లగాని బతుకు పాడుకావద్దు. లారీ డ్రైవరుకు నాలుగు పైసలొస్తే సంతోషమే. పోయేది కంపెనీ పైసలు, కంపెనీకి ఏమైతది? కరుణతో చెప్పే అబద్ధం అబద్ధం కిందికి రాదేమోనని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. పంచశీల చదివే నోరు సాకులు కూడా బాగానే చదువుతది.

మర్నాడు పొద్దున లారీ డ్రైవరు భార్య మా ఇంటికి వచ్చింది. "సార్, ఆయన సంతకం పెడ్తనంటుండు. బిడ్డ ఫీజు ఎల్తదని ఆశ. గని కేసైతే లైసెన్సు ఏమైతది? రేపు ఏ ఓనరన్న బండి చేతికిస్తడా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రాత్రి నేను వేసుకున్న లెక్కలో ఆయనకొచ్చే ముప్పై వేలు ఉన్నాయి, ఆయన నెత్తి మీదికొచ్చే కేసు లేదు. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి కాలు విరగ్గొట్టిన కేసు, చేయనివాడి మీద! నాకు అప్పటిదాకా కనబడనే లేదు.

మజ్ఝిమ నికాయంలో అంబలట్ఠిక రాహులోవాద సుత్తం ఉంది. బుద్ధుడు కాళ్లు కడుక్కుని, చెంబులో అడుగున మిగిలిన కొన్ని నీళ్లు చూపించి కొడుకు రాహులుడికి అబద్ధం గురించి చెప్తాడు. ఆ నీళ్లు పారబోస్తాడు, చెంబు బోర్లిస్తాడు, మళ్లీ లేపి ఖాళీ చెంబు చూపిస్తాడు. తెలిసి తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడి సాధన ఆ చెంబు లాంటిదని. చాలామంది ఇక్కడిదాకానే చెప్పి ఊరుకుంటారు. నాకు పనికొచ్చింది దాని తర్వాతి భాగం. ఒక పని చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసినాక కూడా చూసుకోమంటాడు. దీనితో నాకు దుఃఖమా, ఇంకొకరికి దుఃఖమా, ఇద్దరికీనా అని. ముఖం అద్దంలో చూసుకున్నట్టు చూసుకోమంటాడు. ఇందులో 'ఇంకొకరు' అంటే ఎవరెవరో మనం నిజాయితీగా లెక్కపెట్టాలి. నేను పెట్టలేదు.

ఆ మధ్యాహ్నమే తాండూరు పోయి తెలిసిన అడ్వకేటును కలిశాను. ఆయన చెప్పిన మాటతో నా కరుణ మీద ఉన్న ముసుగు ఊడిపోయింది. మూడో పక్షం ఇన్సూరెన్సు ఉన్నదే గుద్దబడ్డవాడి కోసం. బండి రోడ్డెక్కాలంటే అది తప్పనిసరి. డ్రైవరుకు లైసెన్సు లేదన్న కారణంతో బాధితుడి చేతులు ఖాళీగా పంపనవసరం లేదని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. ముందు కంపెనీ బాధితుడికి కట్టాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. అదీ, ఓనరు తెలిసి తెలిసి లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చాడనో, జాగ్రత్త తీసుకోలేదనో కంపెనీ రుజువు చేస్తేనే. ఆ తర్వాత ఎన్నో కేసుల్లో కోర్టులు ఇదే దారిలో నడిచాయి. కోర్టుల్లో ఈ పద్ధతికి "పే అండ్ రికవర్" అని పేరు.

అంటే నిజం చెప్పినా కాలు విరిగినాయనకు పరిహారం దొరికే దారి ఉంది. మరి అబద్ధం ఎవరికి కావాలి? ఓనరుకు, ఓనరు తమ్ముడికి. మనం ఆ పేదోడి పేరు చెప్పుకుని మన ఇంటిని కాపాడుకుంటున్నాం, అంతే. పైగా దవాఖాన కాయితంలో ఒక పేరు, పోలీసు కాయితంలో ఇంకో పేరు. కంపెనీవాళ్లు మొదట తెప్పించుకునేది దవాఖాన కాయితాలే. రెండు పేర్లు దొరికితే ప్రమాదమే నకిలీదని వాదిస్తారు. ఉత్తరప్రదేశ్‌లో నకిలీ క్లెయిములు ఎంత పెరిగాయంటే 2015లో అలహాబాద్ హైకోర్టు వాటి మీద ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. అందులో వకీళ్ల పేర్లు కూడా బయటికొచ్చాయి. అట్లాంటి అనుమానం వస్తే మొదట ఆగిపోయేది నిజంగా కాలు విరిగినాయన పైసలే. పిల్లగాడు చేసిన ఒక్క మంచిపని, పారిపోకుండా దవాఖానాకు తీసుకుపోవడం, దాన్నే మన అబద్ధం ఆయన మెడకు ఉరి చేసి పెట్టేది.

కంపెనీ పైసలు ఎవరివి అన్న ప్రశ్న మీద కూడా ఆదివారం నాడు చాలా లొల్లి అయింది. "కంపెనీలేమన్న సత్యహరిశ్చంద్రులా? సంవత్సరాలు తిప్పుతరు, సగం పైసలకు సంతకం పెట్టమంటరు" అని ఒక తమ్ముడు లేచాడు. అతను అన్నది అబద్ధం కాదు. నేనూ అట్లా తిరిగిన మనిషినే. కానీ నాలుగో శీలం మనం కంపెనీకి కట్టే కిస్తు కాదు, వాళ్లు సరిగ్గా లేకపోతే ఆపేయడానికి. ఇంకో మాట. ఆ పైసలు ఆటో నడిపేవాళ్లు, ట్రాక్టరు ఉన్నవాళ్లు, టీవీఎస్ మీద పాలు పోసేవాళ్లు కట్టిన పైసలు. చిట్టీ లాంటిదే, ఎవరికి ఆపద వస్తే వాళ్లు ఎత్తుకునే చిట్టీ. బాబాసాహెబ్ 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఇన్సూరెన్సు ప్రభుత్వం చేతిలోనే ఉండాలని, వయసొచ్చిన ప్రతి పౌరుడి జీతానికి తగ్గట్టు జీవిత బీమా తప్పనిసరి చేయాలని పెట్టారు. ఆయన దీక్ష తీసుకోవడానికి నెలన్నర ముందు, 1956 సెప్టెంబరు 1న, ఎల్‌ఐసీ పుట్టింది. ప్రమాదాల బీమా కంపెనీలు 1973లో జాతీయం అయ్యాయి. ఇప్పుడు ప్రైవేటువీ వచ్చాయి, అది వేరే చర్చ. దిక్కులేనివాడికి బీమా ఒక దిక్కు అని ఆయన అనుకున్నారు కాబట్టే రాజ్యాంగంలో చేర్చాలని అడిగారు. 22 ప్రతిజ్ఞల్లో దొంగతనం చేయనన్నది, అబద్ధమాడనన్నది పక్కపక్కనే ఉండటం నేను ఇన్నేండ్లు గమనించలేదు.

ఇక అటువైపు ఇల్లు. కాలు విరిగినాయన ఇంటికి నేను పోయిన రోజు ఆయన భార్య "మా రాత గిట్ల రాసుంది సార్, ఎవర్ని అని ఏం ఫాయిద" అంది. వాళ్లు మన ధమ్మంలోకి వచ్చినవాళ్లు కాదు, వాళ్లకు నేను పాఠం చెప్పడానికి పోలేదు. కానీ మనలో కూడా ఈ మాట పోలేదు కదా. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో పోయిన జన్మ కర్మ అనే ఆలోచనను ఎందుకంత గట్టిగా తిప్పికొట్టారో అప్పుడు నాకు ఇంకో రకంగా అర్థమైంది. రాత అనుకున్న మనిషి క్లెయిము వెయ్యడు. ఆ కాలు విరగడానికి కారణాలు ఆ రోడ్డు మీదనే ఉన్నాయి. లైసెన్సు లేని పిల్లగాడు, తొందర, పక్కన బండల లోడు, గుంతల రోడ్డు. కారణం ఉంటే బాధ్యత ఉంటుంది, బాధ్యత ఉంటే పరిహారం ఉంటుంది. పటిచ్చసముప్పాదం మనకు ఇంతకంటే దగ్గరికి ఎక్కడొస్తుంది?

2025 నవంబరు 3 పొద్దున మన తాండూరు బస్సు మీద చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ పడిన సంగతి ఎవరమూ మర్చిపోలేదు. 19 మంది పోయారు. ఆ రోజే ప్రభుత్వం సాయం ప్రకటించింది. అప్పుడు మన దగ్గర రెండు మాటలు వినబడ్డాయి. ఒకటి, పీనుగ మీద పైసలు ఏరుకుంటారా అని. రెండోది, సర్కారు ఇచ్చింది గదా, ఇంకేం కావాలె అని. రెండూ సరికాదు. సర్కారు ప్రకటించేది సాయం, ఇయ్యొచ్చు, ఇయ్యకపోవచ్చు. ట్రిబ్యునల్ ఇప్పించేది హక్కు. అది తీసుకున్నామని ఇది పోదు. ఇంట్లో సంపాదించే మనిషి పోయినంక పిల్లల బువ్వ కోసం అడగడం తన్హ కాదు. దుఃఖంలో ఉన్న మనిషి అడిగితే ఆశ అనే మనం, లోను కోసం బ్యాంకు చుట్టూ తిరిగేవాడిని ఎప్పుడన్నా అట్లా అన్నామా?

అందుకని ఆమెకు నాకు తెలిసింది చెప్పాను, ఇక్కడ కూడా రాస్తున్నా, ఎవరికన్నా అక్కరకొస్తుంది. ప్రమాదం తెలిసిన 48 గంటల్లో పోలీసులు మొదటి రిపోర్టు ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్సు కంపెనీకి పంపాలని 2022 నుంచి నిబంధన ఉంది. పంపారా లేదా అని అడిగే హక్కు బాధితులది. క్లెయిము ఆరు నెలల్లోపు వేయాలని చట్టంలో ఉంది. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరంగా చెప్పింది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ప్రమాదం జరిగిన చోటే కాదు, మనం ఉండే జిల్లాలో కూడా వేయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, ఏ కులమైనా ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా 1987 చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టులోనే న్యాయసేవల ఆఫీసు ఉంటుంది. గుద్దిన బండి దొరకకుండా పోతే కూడా చనిపోయినవాళ్ల ఇంటికి 2 లక్షలు, పెద్ద గాయమైతే 50 వేలు ఇచ్చే పథకం ఉంది. మధ్యవాళ్లకు సగం వాటా రాసియ్యనవసరం లేదు.

ఆమెను కూడా ఎవరో పట్టుకున్నారు. ఆయన జీతం రెండింతలు రాసి మేస్త్రీతో సంతకం పెట్టిస్తామని. ఎందుకు ఆశ పుడుతుందో నాకు తెలుసు. కోర్టులో పరిహారం సంపాదనను బట్టి కడతారు. అదే విరుగు విరిగినా కూలోడి కాలుకు, ఆఫీసరు కాలుకు ఒక ధర రాదు. 1949 నవంబరు 25న బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో మనిషికి ఒకే విలువ గురించి ఏ బాధతో మాట్లాడారో, ఆ బాధ ఇంకా ట్రిబ్యునల్ లెక్కల్లో ఉంది. ఇది అన్యాయమే. కానీ దొంగ కాయితం పెడితే క్రాస్‌లో మేస్త్రీ నిలబడలేడు, ఉన్న కూలి కూడా అనుమానంలో పడుతుంది. బండలు మోసేవాడి కాలుకు డాక్టరు రాసే శాతం వేరు, ఆ కాలుతో ఆయన చేయలేని పని వేరు. కోర్టులు రెండోది చూడాలి. అది నిజమే, అది గట్టిగా చెప్పించుకోవాలి. ఆమె మేస్త్రీ దగ్గరికి పోయి ఉన్న కూలే రాయించుకొచ్చింది.

ఇది తెలిసినాక వాడలో నాకు జరిగిన మర్యాద మామూలుది కాదు. "మనోని మీద కేసెయ్యమని నువ్వే పోయి చెప్పినవా సార్? నీ ధమ్మం మనకు ఆసరయ్యేదా, మనల్ని ముంచేదా?" అన్నాడు కారు ఓనరు, విహారం గడప మీద నిలబడి. ఆ మాటలో న్యాయం ఉంది. కారు రిపేరు పైసలు రావని తేలిపోయింది, తమ్ముడి మీద కేసు అయింది, లోను కిస్తులు నడుస్తున్నాయి, రేపు కంపెనీ వసూలుకొస్తే లక్షల మాట. మూడు తరాల్లో ఒకడు పైకొచ్చి కారు కొంటే, నిజం పేరు మీద వాణ్ణి కిందికి లాగుతున్నామా? ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఇప్పటికీ నాకు పూర్తిగా కుదురులేదు. లారీ డ్రైవరు కూడా కోపమే పెంచుకున్నాడు. ఆయన లైసెన్సు కాపాడానని నేననుకుంటున్నా, ముప్పై వేలు పోగొట్టానని ఆయన అనుకుంటున్నాడు. ఇంకా మాట్లాడని ఇల్లు ఆయనదే.

అసలు పరీక్ష ఇంకా చిన్న మాట దగ్గర వచ్చింది. పేరు మార్చే ఆలోచన పోయినాక కూడా ఒక సందు మిగిలింది. తమ్ముడు తనకు తెలియకుండా కారు తీసుకుపోయాడని ఓనరు చెప్తే చాలు, వసూలు కేసు నుంచి చాలావరకు తప్పించుకోవచ్చు. ఎవరి పేరూ ఇరకదు, కాలు విరిగినాయనకు రావలసింది ఆగదు. చెప్పేది కూడా దాదాపు నిజమే, ఎందుకంటే ఆ శనివారం అతను తాళాలు చేతికియ్యలేదు. అవి ఎప్పటిలాగే గోడ మొలకు వేలాడుతున్నాయి. నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. అడగలేదు.

స్టేట్‌మెంటు ఇచ్చే రోజు అతనితో నేను పోలేదు, పిలవలేదు కూడా. తర్వాత తమ్ముడు చెప్పాడు. "కారు తాళాలు ఎవరిచ్చిండ్రు?" అని అడిగితే అన్న కొద్దిసేపు ఊరుకున్నాడట. "ఆ రోజు నేను ఇయ్యలే. గని ఇంతకు ముందు రెండు మూడుసార్లు నడిపిండు. నేను చూసి ఊకున్న" అన్నాడట. రాసుకునే ఆయన తలెత్తి ఇంకోసారి అడిగాడట. అదే చెప్పాడట.

కారు అమ్మేశారు, సొట్టలతోనే, సగం ధరకు. అద్దం మీది అక్షరాలు అమ్మే ముందు అతనే గోకి తీసేశాడు. ట్రిబ్యునల్లో కేసు ఇంకా నడుస్తోంది, కంపెనీ వసూలుకు వస్తదో రాదో, వస్తే ఎంతో తెలియదు. కిస్తుల్లో కట్టుకోవడానికి సంఘం చిట్టీలో ఒక పాట అతనికి ముందే ఇవ్వాలని మొన్న ఆదివారం కొందరు అడిగారు, కొందరు వద్దన్నారు, ఇంకా తేలలేదు. తమ్ముడు లైసెన్సుకు పెట్టుకున్నాడు. కాలు విరిగినాయనను నెలకోసారి దవాఖానాకు బస్సులో తీసుకుపోయేది వాడే. మొదటి రెండుసార్లు ఆయన భార్య వాణ్ణి గడప దాటనియ్యలేదు, మూడోసారి చాయ్ పోసింది. పోయిన నెల ఎక్స్‌రే చూసి డాక్టరు, కర్ర పట్టుకుని నడవొచ్చు గానీ బండలు ఎత్తొద్దన్నాడు.